పట్టాభిషేకం తర్వాత

మా మామకు చదివిన పుస్తకాన్ని మూసి ఊరుకోవడం చేతకాదు. ఎవరికో ఒకరికి చెప్పాలి. ఆఫీసులో చెబుదామంటే అక్కడ డీఏ అరియర్సు తప్ప ఇంకో మాట నడవదు. అత్తకు చెబుదామంటే సరిగ్గా యుద్ధం మొదలయ్యే వేళకు పాలావిడ వస్తుంది. అందుకని ఏడాది పొడుగునా చదివిందంతా దాచుకుని, ఎండాకాలం సెలవులకు మేం కావలి నుంచి నెల్లూరు వచ్చేదాకా ఓపిక పట్టేవాడు. మూలాపేటలో అమ్మమ్మ వాళ్ళ మిద్దె. సాయంత్రం అక్కా నేనూ బకెట్లతో నీళ్ళు మోసి పైన చల్లేవాళ్ళం. సెగ చల్లారాక చాపలు పడేవి. నెల్లూరు ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, రోహిణీ కార్తెలో రాత్రి తొమ్మిదైనా పిట్టగోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. సముద్రం గాలి తిరిగితే గానీ ఎవరికీ కన్ను మూతపడదు. ఆ గాలి తిరిగేదాకా కథ.

అట్లా విన్నదే ఎర్త్‌సీ. ఉర్సులా లెగ్విన్ అనే అమెరికా రచయిత్రి రాసిందని మాకప్పుడు తెలియదు, తెలిసినా పట్టించుకునే వయసు కాదు. మా లెక్కలో అది మామ కథ. 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో, 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' 1971లో, 'ది ఫార్దెస్ట్ షోర్' 1972లో వచ్చాయి. ఆ మూడూ కలిపి పెంగ్విన్ వాళ్ళు 1979లో 'ట్రిలజీ' అని ఒకే సంపుటంగా వేశారు. ఆ లావుపాటి పుస్తకాన్ని మామ మద్రాసు మూర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 1985 మేలో మూర్ మార్కెట్ తగలబడిపోయింది. ఆ వార్త పేపర్లో చదివి, బీరువాలోంచి పుస్తకం తీసి, దులిపి, మళ్ళీ లోపల పెట్టాడంట. "ఆ మంటల్లోంచి తనే మోసుకొచ్చినట్టు" అని అత్త ఎద్దేవా చేసేది.

కథ మొదలుపెట్టే ముందు సుద్దముక్కతో మిద్దె మీద మ్యాప్ గీసేవాడు. ఆ లోకమంతా సముద్రమే, అందులో వందల దీవులు. నడుమ మాంత్రికుల బడి ఉన్న రోక్. ఈశాన్యాన మేకలకూ మాంత్రికులకూ పేరుబడ్డ కొండ దీవి గాంట్. ఇంకా తూర్పుకు పోతే అటువాన్. పడమటి కొసన డ్రాగన్లు తిరిగే సెలిడార్. పొద్దున్నే అమ్మమ్మ గుమ్మడి వడియాలు పెట్టడానికి పైకొచ్చి సరిగ్గా ఆ గీతల మీదే పాత పంచె పరిచేది. "రోక్ మీద వడియాలు పెట్టేసిందిరా" అని మామ ఒకటే గోల. సాయంత్రానికి మళ్ళీ కొత్త మ్యాప్. గీసిన ప్రతిసారీ సెలిడార్ ఇంకాస్త పక్కకు జరిగి, చివరికి నీళ్ళ ట్యాంకు కిందికి పోయింది. డ్రాగన్లను చూడాలంటే మేం ట్యాంకు కింద దూరాల్సిందే.

మాకు మాంత్రికుడంటే చందమామ సీరియళ్ళ మాంత్రికుడే. దాసరి సుబ్రహ్మణ్యం గారు రాస్తుంటే చిత్రా బొమ్మలు వేసిన ఆ గడ్డాలు, పుర్రెలు, మంత్రదండాలు. వాడు రాకుమారిని ఎత్తుకుపోవాలి, రాకుమారుడు వెళ్ళి వాణ్ణి చంపాలి. ఇక్కడ మాంత్రికుడే హీరో అనేసరికి మొదట మాకు ఎక్కలేదు. పైగా రాజు కొడుకు కూడా కాదు. కంచు పనివాడి కొడుకు, తల్లి లేదు, మేకలు కాసుకునే పిల్లాడు. పేరు గెడ్. వాడిది రాగిరంగు ఒళ్ళు. "మనోళ్ళ రంగేరా" అని మామ గర్వంగా చెప్పేవాడు, గెడ్ మా నెల్లూరు వైపు వాడే అన్నట్టు. తెల్లవాళ్ళు ఆ కథలో దూరపు దీవుల నుంచి వచ్చి ఊళ్ళ మీద పడే దోపిడీగాళ్ళు. ఇంగ్లీషులో రాసిన కథలో ఇట్లా ఉండటం మామకు మహా ఇష్టం.

ఆ లోకంలో మంత్రమంటే పేరే. రాయికి, గద్దకు, మనిషికి, ప్రతిదానికీ ఒక నిజం పేరు ఉంటుంది. అది తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది. అందుకని మనుషులు అసలు పేరు దాచుకుని పైకి ఇంకో పేరుతో తిరుగుతారు. ఇది విన్న మర్నాడే అక్కా నేనూ ట్యాంకు పక్కన కూర్చుని ఒకరికొకరం నిజం పేర్లు పెట్టుకున్నాం. అక్కది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను.

గాంట్ దీవిలో ఒక సామెత ఉంది. ఆడదాని మంత్రంలా చేవలేనిది, ఆడదాని మంత్రంలా చెడ్డది అని. మామ దాన్ని రాగం తీసి చెప్పాడు. అప్పటికి హైస్కూల్లో ఉన్న అక్క వెంటనే అందుకుంది: "మరి వాడికి మొట్టమొదటి మంత్రం నేర్పింది వాళ్ళ పెద్దమ్మే గదా మామా? ఊళ్ళో మంత్రగత్తె అన్నావు?" నిజమే, గెడ్‌కు మేకల్ని పిలిచే మంత్రం నేర్పింది చనిపోయిన తల్లి తోబుట్టువే. మామ కాసేపు తల గోక్కుని, "కథ మధ్యలో క్రాస్ ఎగ్జామినేషన్ చేయకూడదు మే" అన్నాడు.

మొదటిది నాకు నచ్చిన కథ, అంటే గెడ్ తన నీడను తానే లోకంలోకి వదిలి, దాని నుంచి పారిపోయి, చివరికి తిరగబడి దాన్ని తన పేరుతోనే పిలిచే కథ. రెండోది అక్కది. అయిదేళ్ళ పిల్లను ఇంట్లోంచి తీసుకుపోయి, పేరు లాక్కుని, చీకటి దేవతలకు పూజారిణిని చేస్తారు. ఆ పిల్ల టెనార్. భూగర్భంలో దారి తప్పించే చీకటి గుహలన్నీ ఆమెకు చేతితో తడిమితే తెలుసు. దొంగలా అక్కడికి వచ్చి చిక్కుకుపోయిన గెడ్‌ను చంపకుండా, చివరికి అతనితో కలిసి బయటపడుతుంది. ఆ రాత్రులు కరెంటు పోతే అక్కకు పండగే.

మూడోది మామ సొంతం. లోకంలో మంత్రాలు పనిచేయడం మానేస్తుంటాయి, పాటలు మర్చిపోతుంటారు. ఎక్కడో బతుక్కీ చావుకీ నడుమ గండి పడింది. గెడ్ ముసలివాడవుతున్నాడు. అరెన్ అనే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని చచ్చినవాళ్ళ లోకం దాకా నడిచి వెళ్ళి, ఒంట్లో ఉన్న శక్తంతా పోసి ఆ గండి పూడుస్తాడు. ఇంక అతని దగ్గర ఏ మంత్రమూ మిగల్లేదు. కుర్రాడు రాజవుతాడు. ముసలి డ్రాగన్ కలెస్సిన్ గెడ్‌ను వీపు మీద ఎక్కించుకుని గాంట్ వైపు ఎగిరిపోతుంది. ఇక్కడికొచ్చేసరికి మామ లేచి నిలబడేవాడు. లుంగీ ఎగ్గట్టి, చెయ్యి చాచి, "చేయాల్సిందంతా చేసేశాడు. ఇంటికి పోతుండాడు" అనేవాడు. అంతే. పడుకోమనేవాడు. తర్వాతేమైందని అడిగితే, "పట్టాభిషేకం అయిపోయినాక ఇంకేముంటదిరా?"

ఆ మాట ఆయన సొంతం కాదు, అమ్మమ్మది. అమ్మమ్మ ఏటా శ్రీరామనవమికి రామాయణం చదివేది. పట్టాభిషేకం ఘట్టంతో పుస్తకం కళ్ళకద్దుకుని, పానకం పంచి, గుడ్డలో చుట్టేసేది. ఉత్తరకాండ ఆ ఇంట్లో ఏనాడూ చదవలేదు. "అన్ని అగచాట్లు పడొచ్చిన తల్లిని మళ్ళీ అడివికి పంపేది నా నోటితో చదవను" అనేది. చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి.

తమాషా ఏమిటంటే, మా నెల్లూరు తిక్కన మనుమసిద్ధి కొలువులో మొట్టమొదట పట్టుకుంది ఆ ఉత్తరకాండనే. నిర్వచనోత్తర రామాయణం అంటే పట్టాభిషేకం తర్వాతి కథే గదా. భారతానికి విరాటపర్వం నుంచి పూనుకున్నది ఆ తర్వాత. ఇక ఎర్రన సంగతి ప్రకాశం జిల్లావాళ్ళను అడగండి, ఛాతీ విరిచి చెబుతారు. నన్నయ అరణ్యపర్వంలో ఆపేసిన చోటును మూడు వందల ఏళ్ళకు పూరించి, రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అద్దంకి రెడ్ల ఆస్థానకవి అయ్యుండి, ఎప్పుడో పోయిన వేరే రాజుకు! ఆలస్యంగా కొనసాగించడం అనేది మా రెండు జిల్లాల్లో కొత్త విద్యేమీ కాదు. ఇదంతా నాకు ఆ చిన్నతనంలో తట్టలేదు గానీ, తర్వాత ఇంట్లో జరిగిన రభసలో అక్క తిక్కనను సాక్షిగా లాక్కొచ్చింది కాబట్టి చెబుతున్నాను.

ఏళ్ళు గడిచాయి. కథలు వినే వయసు పోయింది. అక్క డిగ్రీ అయ్యాక కావలి చుట్టుపక్కల పల్లెల్లో అక్షరాస్యత రాత్రి తరగతులకు వాలంటీరుగా వెళ్ళేది. అవి 1991, 92 నాటి రోజులు. ఆ తరగతుల వాచకంలో సారా వల్ల కాపురం కూలిన ఆడమనిషి పాఠం ఒకటి ఉండేది. చదువు నేర్చుకునే ఆడవాళ్ళకు అది పాఠంలా కాక తమ ఇంటి సంగతిలాగే వినపడింది. సారా మీద పోరు దూబగుంటలో మొదలైంది, దాన్ని నడిపిన రోశమ్మ పేరు జిల్లా దాటి రాష్ట్రమంతా వినపడింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా ప్యాకెట్ల బండ్లను ఊళ్ళోకి రానివ్వలేదు. వేలంపాటలు అడ్డుకున్నారు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. అక్క రాత్రి తొమ్మిదికి, పదికి ఇంటికొచ్చేది, మా నాయన వీధి అరుగు మీద కూర్చుని టెన్షన్ పడుతుండేవాడు. వచ్చీ రాగానే కాళ్ళు కడుక్కుంటూ ఆ రోజు ఎవరు ఏం చేశారో చెప్పేది. తాగొచ్చిన మొగుడి మీద కారం చల్లిన ఆవిడ, మర్నాడు అతనికి కళ్ళు కడిగి అన్నం పెట్టిందంట. అక్క ఆ రెండో సగమే ఎక్కువసార్లు చెప్పేది.

ఆ మరుసటి ఏడు మామ మద్రాసు వెళ్ళి, సెంట్రల్ దగ్గర పుస్తకాల షాపులో ఆ పాత సంపుటం లాంటిదే ఇంకోటి చూశాడు. అట్ట మీద 'ట్రిలజీ' బదులు 'క్వార్టెట్' అని ఉంది. నాలుగోది! పేరు 'టెహాను'. 1990లోనే వచ్చింది, మూడో పుస్తకానికి 18 ఏళ్ళకు. ఇక్కడ మాకెవరికీ తెలియదు. తిరుగు రైల్లో సూళ్ళూరుపేట దాటేదాకా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్క పేజీ తెరవకుండా కూర్చున్నాడంట. అంత సంతోషం. తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఉలుకూ పలుకూ లేదని అత్త ఉత్తరం రాసింది. ఆ ఆదివారం మలై కాజా పొట్లంతో పాటు పుస్తకం పట్టుకుని కావలి వచ్చి, మా బల్ల మీద పెట్టి, "చదవండి. నేనేం మాట్లాడను" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. కథ చెప్పకుండా మామ ఒక పుస్తకం మా చేతికివ్వడం అదే మొదలు.

'టెహాను'లో కథ మూడో పుస్తకం అయిపోయే చోటే మొదలవుతుంది, కానీ ఇంకో గుమ్మం నుంచి. టెనార్ ఇప్పుడు నడివయసు విధవరాలు. ఆ పూజారిణి, ఆ చీకటి గుహల రాణి, గాంట్‌లో ఒక రైతును పెళ్ళి చేసుకుని, ఇద్దరు బిడ్డల్ని పెంచి, చీజు చేసుకుంటూ, గొర్రెల్ని చూసుకుంటూ బతికింది. ఒకరోజు దేశదిమ్మరులు ఒక చిన్నపిల్లను చెరిచి, కొట్టి, నిప్పుల్లో పడేసి పోతారు. పిల్లకు ముఖంలో సగం, ఒక చెయ్యి, ఒక కన్ను కాలిపోయాయి. టెనార్ ఆ పిల్లను తెచ్చుకుని పెంచుకుంటుంది. అప్పుడు డ్రాగన్ వచ్చి గెడ్‌ను దించి వెళుతుంది. మామ మిద్దె మీద లేచి నిలబడి చెప్పిన ఆ ఎగురుడే. కాకపోతే ఈ పుస్తకంలో మనం కింద, కొండకొమ్మున నిలబడి చూస్తాం. దిగింది మహామాంత్రికుడు కాదు, ఒళ్ళు సచ్చిపోయిన మనిషి. అతనికి అన్నం పెట్టాలి, దుప్పటి కప్పాలి. ఒంట్లో శక్తి లేదు, సిగ్గు. రాజు మనుషులు పట్టాభిషేకానికి పిలవడానికి వస్తే, ఎదురుపడలేక కొండ మీదికి పారిపోయి మేకలు కాస్తాడు.

అక్క ఆ పుస్తకం పొయ్యి దగ్గర కూడా వదల్లేదు. ఒకచోట రాత్రిపూట మగాళ్ళు టెనార్ ఇంటి తలుపులు తోస్తారు. ఇంట్లో ఆమె, కాలిన పిల్ల, అంతే. గడియలు వేసుకుంటూ గదులన్నీ తిరుగుతుంది, చేతిలో వంటింటి కత్తి. అది చదివి అక్క పుస్తకం బోర్లించి, "నేను చూశా ఇది" అంది. ఏ ఊళ్ళో, ఎవరింట్లో అని నేను అడిగినా చెప్పలేదు.

గొడవ జరిగింది నెల్లూరులో, భోజనాల దగ్గర. ముందురోజు పెట్టిన బొమ్మిడాయిల పులుసు, మామిడికాయ ముక్కలు వేసింది. పులుసు మర్నాటికే రుచి అని తెలిసినవాళ్ళు ఎవరూ తొందరపడి మాట్లాడరు. మామే మొదలుపెట్టాడు.

"ఏందిమే అది? మేకలు కాసేవాడు మళ్ళా మేకలు కాసుకునేదానికా ఇంత కథ?"

"కాస్తే ఏమైంది మామా?"

"ఏమైందా! ఆయమ్మకు గెడ్ మీద ఏందో కోపం. పద్దెనిమిదేళ్ళు కడుపులో పెట్టుకోనుండి ఇప్పుడు తీర్చుకునింది."

శక్తి పోయింది నాలుగో పుస్తకంలో కాదు, మూడోదాంట్లోనే గదా అని అక్క. "నువ్వే చెప్పావు, శక్తంతా పోసేశాడు, ఇంటికి పోతున్నాడని. ఇంటికి పోయినాక ఏం చేస్తాడనుకున్నావు? మనింటికి ఎవరన్నా రిటైరై వస్తే ఏం చేస్తారు?" మామకు అప్పటికి రిటైర్మెంటు ఇంకా చాలా ఏళ్ళుంది, అయినా ఆ మాట తగిలింది. రోక్ మాంత్రికులందర్నీ ఆవిడ దద్దమ్మల్ని చేసిందన్నాడు. మొదటి మూడింటిలో అంత పెద్దమనుషులు, ఇందులో ఆడదాన్ని మనిషిగా చూడటం రానివాళ్ళెట్టా అయినారు? పిల్లలకు చెప్పుకునే కథలో ఒక బిడ్డను అట్టా కాల్చడానికి మనసెట్టా ఒప్పింది? ఇట్లాంటి పుస్తకాన్ని మిద్దె మీద తాను ఎవరికి చెప్పగలడు? ఈ చివరిమాట దగ్గర ఆయన గొంతు మారింది. అప్పుడు అర్థమైంది నాకు, మామ బాధ గెడ్ గురించి ఒక్కటే కాదు.

అక్క తిక్కనను తెచ్చింది ఇక్కడే. అమ్మమ్మ వినకుండా గొంతు తగ్గించి, "మీ ఊరి కవే పట్టాభిషేకం తర్వాత రాశాడు, ఆయన్నూ తిట్టు" అంది. "తిక్కన కూడా రాముడు అవతారం చాలించే కథ జోలికి పోలేదంటారు తెలుసా?" అని మామ. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, అదే తంటా.

తర్వాత అక్క పుస్తకం తీసి ఒకచోట చదివి వినిపించింది, అత్త కోసం తెలుగు చేసుకుంటూ. టెనార్ కొడుకు స్పార్క్ ఏళ్ళ తరబడి ఓడల మీద తిరిగి ఇంటికొస్తాడు. తల్లి వండి పెడుతుంది. తిని లేస్తూ కంచం అక్కడే వదిలేస్తాడు. గిన్నెలు తీయమంటే, అది ఆడవాళ్ళ పని అంటాడు. ఈ వంటింట్లో తినేవాళ్ళందరి పని అంటుంది తల్లి. నాది కాదు అని వాడు బయటికి పోతాడు. ఒకప్పటి మహామాంత్రికుడు గెడ్ మాత్రం గిన్నెలు కడుగుతుంటాడు.

చదవడం అయ్యేసరికి మామ చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి ఉన్నాడు. కంచం అక్కడే ఉంది, అంచున ముల్లు, కరివేపాకు ఏరిపెట్టి. అత్త దాన్ని తీసి తన కంచం మీద పెట్టుకుంటూ, "ఆ పిల్లోడు మనింటి పిల్లోడేమే, వేరే దేశపోడని చెప్తుండావే" అని పడీపడీ నవ్వింది. నేను గబుక్కున నా కంచం తీసుకుని లేచాను. అది చూసి ఇంకా నవ్వింది. మామ తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఏమైందని అడిగితే ఒక్కరూ చెప్పలేదు.

నా సంగతి చెప్పాలంటే, నేను ఇద్దరి పక్షమూ కాదు. ముప్పాతిక పుస్తకం దాకా 'టెహాను' నాకు మొదటి మూడింటికన్నా ఇష్టం. డ్రాగన్లూ తుపాన్లూ రాసేవాళ్ళు బోలెడుమంది. పొయ్యి, మేకలు, వానకు ఆరని బట్టలు, పిల్ల రాత్రి ఉలిక్కిపడి లేవడం, ఇవన్నీ రాస్తూ ఇది ఆ మాయలోకమే అని క్షణం కూడా మరపించకపోవడం కష్టం. గెడ్ సిగ్గు నాకు చాలా నిజంగా అనిపిస్తుంది. రిటైరైన పోలీసాయన వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడటం చూశాను, ఆయన ముఖంలో ఉన్నది అదే. కానీ ముగింపు మాత్రం నాకు రుచించదు. ఆస్పెన్ అనే మాంత్రికుడు ఒట్టి దుష్టుడు, ఎందుకు అంత ద్వేషమో లోపలికి పోయి చూపించదు. వాడు టెనార్‌నూ గెడ్‌నూ మంత్రంతో కట్టేసి కొండ అంచుకు నడిపిస్తుంటే, కాలిన పిల్ల కలెస్సిన్‌ను పిలుస్తుంది, డ్రాగన్ వచ్చి దుష్టుల్ని కాల్చేస్తుంది. అంతదాకా ఒక్కో గడియా ఓపిగ్గా వేసుకుంటూ వచ్చిన పుస్తకం ఆ చోట పరుగెత్తింది. ఆ పిల్ల ఎవరో, ఆమె పేరే టెహాను అని తెలిసే చోటు మాత్రం బాగుంటుంది, అది కాదనను. అక్క ఈ విషయం ఒప్పుకోదు. ఊళ్ళో ఆడవాళ్ళకు చివర్లో ఒక డ్రాగనన్నా వస్తే నీకేం నొప్పి అంటుంది.

మా ఇంట్లో జరిగిన తగాదానే అంతటా జరిగిందని తర్వాత తెలిసింది. ఆ నవలకు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే నెబ్యులా అవార్డు వచ్చింది. అదే నవలను రచయిత్రి తన లోకాన్ని తానే పాడుచేసుకుందని, కథ చెప్పడం మాని ఉపన్యాసం ఇచ్చిందని తిట్టినవాళ్ళూ అంతమంది ఉన్నారు. అక్క హైదరాబాదులో ఎం.ఏ. చదివేటప్పుడు లైబ్రరీలో లెగ్విన్ ఉపన్యాసం ఒకటి దొరికింది, 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చింది. వీరగాథలు మగవాళ్ళ ఆస్తిగా ఉన్న కాలంలో తాను ఆ పద్ధతిలోనే మొదటి మూడూ రాశానని, నాలుగోదాంట్లో లోకాన్ని మార్చలేదని, చూసే చోటు మార్చానని ఆవిడ వాదన. ఆడదాని మంత్రం గురించిన ఆ సామెత కూడా 1968లో తాను రాసిందే, 1990లో దాన్నే తిరిగి ముందుకు తెచ్చి నిలదీసింది. అక్క ఇదంతా జిరాక్స్ తీయించి మామకు పోస్టులో పంపింది. జవాబుగా ఒక కార్డు వచ్చింది: "పంపిన కాగితాలు అందినవి. కథకు సంజాయిషీ అవసరమైనప్పుడే నాకు అనుమానము."

'టెహాను' కింద ఎర్త్‌సీ చివరి పుస్తకం అని వేసుకున్న మనిషే 2001లో ఇంకో రెండు తెచ్చింది. ఒకటి కథల సంపుటి, ఇంకోటి 'ది అదర్ విండ్' నవల. కథల సంపుటి ముందుమాటలో, చివరిదని అనుకున్న తన తెలివితక్కువతనాన్ని తానే ఎగతాళి చేసుకుంది. మామ అప్పటికి రిటైరై కొడుకు దగ్గర ఒంగోల్లో ఉంటున్నాడు. ఆ నవలలో చచ్చినవాళ్ళ లోకానికున్న రాతిగోడను కూలదోస్తారు, అందులో మగ్గిపోయినవాళ్ళు విడుదలవుతారు. మామకు కోపం రావాలి గదా, మూడో పుస్తకం పునాదే కదిలింది. రాలేదు. "ఆ చోటు నాకు ముందునుంచీ నచ్చలా. అంత ఎండిపోయిన పరలోకమేంది, నీళ్ళు లేవు, పలకరింపు లేదు" అన్నాడు. అక్క బిత్తరపోయింది. ఆయన్ను పట్టుకోవడం కష్టం.

ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడింది 2004లో. అమెరికా టీవీవాళ్ళు ఎర్త్‌సీని సిరీస్‌గా తీసి గెడ్‌ను తెల్లవాణ్ణి చేశారు. లెగ్విన్ మండిపడి వ్యాసం రాసింది. మామ, అక్క, ఆవిడ, ముగ్గురూ ఒకే పక్క. మామ ఆ వ్యాసం ప్రింటవుట్ మడిచి, కార్డు రాసిన సంగతి మర్చిపోయినట్టు, క్వార్టెట్‌లో పెట్టుకున్నాడు.

2018 జనవరి 22న లెగ్విన్ పోర్ట్‌లాండ్‌లో చనిపోయింది. 88 ఏళ్ళు. ఆ వార్త తెలిసిన రాత్రి మామ ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు, మొత్తం మొదటి మూడింటి గురించే. నాలుగో దాని ప్రస్తావన నేనూ తేలేదు. ఆ ఏడాదే ఎర్త్‌సీ మొత్తం ఒకే సంపుటంగా, ఛార్లెస్ వెస్ బొమ్మలతో వచ్చింది. ఎత్తితే చెయ్యి నొప్పి పుట్టే బరువు. అక్క కూతురికి పుట్టినరోజుకని కొన్నాను. మామ ఆ పిల్లకు ఫోన్లో గట్టిగా చెప్పాడు, మొదటి మూడూ వరసగా చదువు, అక్కడ ఆపు, నాలుగోది జోలికి పోవద్దు అని. పదమూడేళ్ళ పిల్లకు చెప్పే మాటేనా అది? సంపుటం తిరగేసి నేరుగా నాలుగోదే పట్టుకుంది. పూర్తి చేసి, సంక్రాంతికి ఒంగోలు నుంచి ఫోన్ వస్తే స్పీకర్లో పెట్టి అడిగింది.

"తాతా, చాలా బాగుంది. ఆ మేకల తాత ఉన్నాడు గదా, గిన్నెలు కడిగే ఆయన. ఆయన అంతకుముందు మాంత్రికుడంట గదా? నిజంగానేనా? ఆ పార్ట్ ఎక్కడుంది?"

అవతల నుంచి చాలాసేపు ఏమీ రాలేదు. లైను కట్టయిందేమోనని అక్క ఫోను తీయబోయింది.

"అంతకుముందు మాంత్రికుడంట ఏందే! ఒసే, ఆయన ఎవరనుకున్నావు... ఆగు, ఫోను పెట్టబాక. మీ అత్తమ్మను పొయ్యి కట్టేయమని వస్తా. గాంట్ అని ఒక దీవి ఉండాది, విను..."